శరత్తునకు కేటాయించిన వారము

సుఖమును సంపాదించు మార్గమును బోధించు పుస్తకములు నేడు రైల్వేస్టేషను అంగళ్ళలో దొంతరలుగా పడియున్నవి. వానిలో పెక్కింటియందు సుఖమనునది ఒక మహాలక్ష్యముగా నిరూపింపబడి, దానిని చేరుటకై తెల్లవారుజామున నాలుగుగంటలకు లేచుట మొదలుకొని ఆదాయమును ద్విగుణీకరించుకొనుట వరకు నానావిధములైన దీక్షలు విధింపబడినవి. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది అంతకంటె మిక్కిలి చిన్నది. పట్టణమున కాపురముండి, నెలజీతముపై బ్రతుకుచు, ఇంటికిని పనికిని నడుమ బస్సులలో ఆయుర్దాయమును వ్యయపరచుచున్న గృహస్థుడు గాని గృహిణి గాని, సంవత్సరమున ఒక్క వారము, అదియు శరదృతువున, అల్పములైన సంతోషములను వరుస తప్పక అనుభవించుట ఎట్లు అనునదే ఇందలి ప్రశ్న.

దీనిని నేను కొడకండ్లవారిని తలచుకొని వ్రాయుచున్నాను. కొడకండ్ల పాలకుర్తికి పొరుగున నున్న నేతవారి ఊరు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, సరిగా దసరానాడే, పాత వరంగల్లు జిల్లాను విభజించినప్పుడు ఏర్పడిన జనగామ జిల్లాలో నేడొక మండలకేంద్రము. మగ్గము కూడుపెట్టని కాలమున ఇచ్చటి కుటుంబములు పెక్కు షోలాపూరునకును, భీవండికిని, సూరతునకును వలసపోయినవి. చదువుకొన్న పిల్లలు హనుమకొండకును హైదరాబాదునకును చేరిరి. ఊరు విడిచినవారందరు చెప్పు ఫిర్యాదు ఒక్కటియే: పట్టణమున పండుగ పండుగవలె ఉండదు అని. నేనీ మాటను పూర్తిగా అంగీకరింపను. పట్టణమున పూలు కలవు, పండ్లు కలవు, ఆకాశమును కలదు. లేనిది వానికొక వంతు, ఒక కొలత. మగ్గముచెంత పెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. నూలు చిలప ఎంత మేలైనదైనను దానిని అట్లే నాడెలో పెట్టుట సాధ్యము కాదు. చరఖాపై కండెలుగా చుట్టి, ఒక్కొక్క కండెను నాడెలో నుంచి ఇటునుండి అటు విసరినప్పుడే పేక పడుగులో కలిసి బట్ట జానెడు జానెడుగా పెరుగును. సంతోషమును కూడ నాడెలో పట్టునంత చేసికొననిదే అది దినచర్యలోనికి రాదు.

మన పెద్దలకిది తెలియును. భాద్రపద అమావాస్య, మన ఊళ్ళలో పెత్రమాస, ఆనాడు పెద్దల పేర బియ్యమిచ్చి, సాయంకాలము ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభించి, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగించు ఈ పండుగను 2014లో రాష్ట్రపండుగగా ప్రకటించిరి. కాని దాని నిర్మాణచాతుర్యమును గమనించినవారు కొద్దిమంది. మొదటినాడు నువ్వులు, నూకలు. రెండవనాడు అటుకులు. మూడవనాడు ముద్దపప్పు, నాలుగవనాడు నానబియ్యము, ఐదవనాడు అట్లు, ఏడవనాడు బియ్యపుపిండిని వేపకాయల ఆకృతిగా చేసి వేయించినది, ఎనిమిదవనాడు వెన్నముద్దలు. చూచితిరా, వీనిలో ఏదియు బీదయింట దొరకనిది కాదు, ఏదియు ఒక జాముకంటె ఎక్కువ శ్రమ కోరునది కాదు, ఏ రెండు దినములకును ఒకటే రుచి కాదు. రేపటి వంటకమేదో నేడే తెలిసియుండుటవలన ఎదురుచూచుట యనెడి ఉచితమైన ఆనందము మరియొకటి దీనికి తోడగుచున్నది. ఆరవనాటి సంగతి తరువాత చెప్పెదను. ఈ అధ్యాయమున ముఖ్యమైనది అదియే.

శరత్తును గూర్చి ఒక్కమాట. పాలకుర్తి మండలములోనిదే బమ్మెర, పోతనామాత్యుని ఊరు. భాగవతము దశమస్కంధమున వర్షాశరత్తుల వర్ణనమున్నదని చదువుకొన్నవారెరుగుదురు. అందు మేఘము వెలిసిపోవుట, నీరు తేటపడుట, బురద ఆరుట మొదలగు ప్రతియొక్క ప్రకృతివిశేషమునకును మానవస్వభావమునుండియే ఒక పోలిక తీసి చూపబడినది. అనగా ఈ ఋతువును చూచుట యనగా ఒకవిధముగా మనస్సును చూచుకొనుటయే యని పూర్వులు తలచిరి. అయినను వాచకమున చదివిన శరత్తు వేరు, మేడపై నిలిచి చూచు శరత్తు వేరు గదా. కావున మొదట మేడనెక్కుదము.

నాలుగుగంటలకు లేవుమని నేను చెప్పను, ఐదు చాలును. నైరృతి ఋతుపవనము సాధారణముగా అక్టోబరు నడుమకు మన ప్రాంతమును విడుచును. అంతకుముందే వాన తెరపియిచ్చిన తెల్లవారుజాములు కొన్ని దొరకును. అట్టి యొకనాడు ఐదుగంటలకు, ఇంకను తూరుపు తెల్లబారకమునుపే, మేడపైకి పోయి సరిగా దక్షిణముఖముగా నిలువుడు. చేయి ముందునకు చాపి పిడికిలి బిగించి ఆకాశపుటంచుపై నానించి, దానిపై రెండవ పిడికిలిని పేర్చుడు. ఆ రెండు పిడికిళ్ళ ఎత్తున, ఎదుటి భవనము అడ్డురాని పక్షమున, తెల్లగా నిలుకడగా వెలుగు నక్షత్రమొకటి కనబడును. అది అగస్త్యుడు, పాశ్చాత్యులు కానోపస్ అందురు. రాత్రి కానవచ్చు నక్షత్రములలో ప్రకాశమున ఇది రెండవది. మొదటిదియు అప్పుడే చాల పైగా, కొంచెము తూర్పునకు ఒరగి యుండును, దానిని లుబ్ధకుడందురు. అగస్త్యోదయముతో చెరువులు తేటపడునని మనవారి ప్రాచీనమైన నమ్మకము. వానలు తగ్గి కొత్తనీటి బురద అడుగునకు దిగు కాలమును ఆ నక్షత్రము మరల కనబడు కాలమును ఇంచుమించుగా ఒకటే యగుటచేత, ఇది కేవలము కవికల్పన కాదు. పట్టణపు దీపముల వెలుగులో చిన్న చుక్కలన్నియు మాసిపోవును గాని ఈ రెండును మాయవు. దీనికి వ్యయము లేదు, ప్రయాణము లేదు, పది నిమిషములలో క్రిందికి దిగి పాలపొట్లము తెచ్చుకొనవచ్చును. పిల్లలను బలవంతముగా లేపవలదు. మీరు రెండుదినములు పోయివచ్చి ఏమియు చెప్పకయుండుడు. మూడవనాడు వారే అడుగుదురు.

ఇక పూలు. ఇచ్చట నేను కొంత నిలువక తప్పదు, ఏలయన ఈ వారపు సంపద యంతయు ఇందే యున్నది. హనుమకొండలో పెత్రమాసకు మరునాటినుండి వీధిమలుపులన్నిట గోనెపట్టాలు పరచుకొని ఊళ్ళనుండి వచ్చిన స్త్రీలు కూర్చుందురు. ఒకప్రక్క తంగేడు, ఒకప్రక్క గునుగు, నడుమ బంతి, కట్ల, సీతజడ. వీరికడ పూలు కొనుటయు ఒక విద్య. ఒకనాడు నాకు ముందు నిలిచిన యొక ఇల్లాలికిని ముసలమ్మకును జరిగిన బేరమును యథాతథముగా వ్రాసెదను.

“గునుగు కట్ట ఎంతవ్వా?”

“నీ బతుకమ్మ ఎంతెత్తు పేరుస్తవో చెప్పు బిడ్డా, గప్పుడు ధర చెప్త.”

“మూరెడు చాలవ్వా. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.”

“మూరెడంటె రెండు కట్టలు. మూడు కొంటె మిగిలి వాడిపోతయి. రెండే తీస్కపో.”

మూడవ కట్టను అమ్ముకొనగలిగియు అమ్మని ఆ ముసలమ్మకు వ్యక్తిత్వవికాసమును గూర్చి మనమెవరము చెప్పువారము?

ఈ రెండు పూలను గూర్చి తెలిసికొని కొనినయెడల కొనుటయే మరింత రుచించును. గునుగు మెట్టచేలలో, మక్కజొన్న చేలలో కలుపుగా మొలచునది. చేనిలో రైతు దానిని పీకి గట్టున పారవేయును, అతని ఇల్లాలు అదే గునుగునకై గట్టులెంబడి తిరుగును. కలుపుమందులు చల్లిన చేనిలో అది తలయెత్తజాలదు. అందుచేత ఊరిలోనే నేడు గునుగునకు వెదకులాట వచ్చినది. తంగేడు రాష్ట్రపుష్పమైనది గాని దానికి ఎవరును నీరుపోయరు, పోయనక్కరయు లేదు. గుట్టవాలులందును బంజరులందును తనంత తాను పసుపుపచ్చగా పూయును. ఆ బంజరులు ప్లాట్లుగా మారినచోట హద్దురాళ్ళు మాత్రము పూచుచున్నవి. ఇది కోపముతో అన్నమాటయే, మన్నింపుడు.

పేర్చుట సాయంకాలపు పని. గునుగు కాడలను ఒకే పొడవున కోసి, చిన్నచిన్న కట్టలుగా దారముతో కట్టి, తెల్లని కొసలను గిన్నెలోని రంగునీటిలో ముంచి, నీడలో పరచుదురు. తాంబాళముపై గుమ్మడాకులు పరచి, అంచువెంట తంగేడును మొదటివరుసగా వలయముగా పేర్చి, నడుమ ఆకులు తరిగి నింపి, ఆపై గునుగు, ఆపై బంతి, మరల గునుగు. పైకి పోయినకొలది వలయము బిగియవలెను. శిఖరమున గుమ్మడిపూవు, అందు పసుపుతో చేసిన గౌరమ్మ. మూరెడు బతుకమ్మకు గంట చాలును, మాటలాడుచు పేర్చినయెడల గంటన్నర. పేర్చునప్పుడు కాడ ఏటవాలుగా నుంచి కొసను బయటికి చూపవలెను; నిలువుగా గుచ్చినచో మూడవ వరుసకే ఒకప్రక్కకు ఒరిగిపోవును. నీలిరంగు వ్రేలికొసల గోళ్ళసందున నిలిచిపోయి, మరునాడు కార్యాలయమున ఫైలు తిప్పునప్పుడు కాగితపు మూలను చిన్న ముద్రగా పడును. ఆ ముద్రను చూచి ప్రక్కబల్ల ఉద్యోగి “మీయింట్ల పేర్చిన్రా?” అని అడుగును. పట్టణమున పరిచయములు ఇట్లును మొదలగును.

ఇక సీతాఫలము. దీనికాలము స్వల్పము, మన పట్టణములకు ఇది గంపలలో వచ్చు కాలమును బతుకమ్మ కాలమును కలిసియే యుండును. పాలమూరు ప్రాంతపు బాలానగర్ రకము దేశమంతట పేరు పొందినది. పండినదానిని కొని నాడే తినువారు సగము సుఖమును అంగడిలోనే విడిచి వచ్చువారు. కన్నుల నడుమ సందులు విచ్చి తెలుపెక్కిన గట్టికాయలను ఏరి, ఆరింటిని తెచ్చి బియ్యపుడబ్బాలో పూడ్చి, ఉదయసాయంకాలములు మూతతీసి వ్రేలితో మెల్లగా ఒత్తి చూచుచుండుడు. అవి అన్నియు ఒక్కనాడు మాగవు. ఒక్కొక్కటిగా వంతుతీసికొని మెత్తబడును. కావున ఇంట నలుగురున్నను ఆనాటికి పండు ఒక్కటే కావచ్చును. దానిని పంచుకొనుటలోని చిక్కు, గింజలు ఉమియుటలోని పోటీ, పై తొక్కను నాకెదనని చిన్నవాని మారాము, ఇవియన్నియు ఆ పండు ధరలో చేరినవే. మక్కకంకిని గూర్చి వేరుగా చెప్పను. బొగ్గులపై కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పుకారము రుద్ది యిచ్చు బండి మీ వీధిలో నున్నచో మీకు నా సలహా అక్కరలేదు.

ఇప్పుడు ఆరవనాడు. ఆనాడు బతుకమ్మ అలిగినదందురు. పూలు పేర్చరు, నైవేద్యము చేయరు, ఆట లేదు. ఎందుకలిగినదని అడిగినయెడల ఇంటికొక కథ చెప్పుదురు. ఆ కథల నిజానిజముల విచారణ నాకక్కరలేదు. తొమ్మిదినాళ్ళ పండుగలో నడుమ ఒక దినమును బుద్ధిపూర్వకముగా ఖాళీగా విడిచిన వివేకమును చూచి నేను ఆశ్చర్యపడుచున్నాను. ఐదునాళ్ళు వరుసగా కాడలు కోసిన వ్రేళ్ళు మంటలు పుట్టుచుండును, తంగేడు దొరకుట కష్టమగుచుండును, నిన్నటి పాటయే నేడును పాడవలసివచ్చి గొంతు విసుగుచుండును. సరిగా అప్పుడే అమ్మవారే అలిగెనని చెప్పి ఆటను ఆపివేసిరి. మనము ఆపినచో మనస్సున అపరాధభావము కలుగును. ఆమెయే అలిగినచో ఎవరికిని దోషము లేదు. నేటి అభ్యాసగ్రంథములు ఇరువదియొక్క దినముల నియమమును, నలువది దినముల నియమమును చెప్పి, ఒక్కనాడు తప్పిపోయినచో మరల మొదటినుండి ప్రారంభింపుమని బెదరించును. అందుచేతనే ఆ నియమములు రెండవవారము దాటవు.

కావున మీ వారమున ఒక దినమును అలుకకు విడువుడు. ఆనాడు మేడనెక్కవలదు, సీతాఫలపు డబ్బా మూతతీయవలదు, పూలబజారువైపు పోవలదు. ఖాళీ దొరకినదిగదా యని బట్టలదుకాణమునకు పరుగెత్తుట అన్నింటికంటె చెడ్డది. పట్టణవాసులలో నూటికి తొంబదిమంది చేయునది అదియే యని నా అనుమానము. వంట సులభముగా కానిండు, మధ్యాహ్నము నిద్రపోండు. ముఖ్యముగా ఇంటి ఇల్లాలికి ఆ దినమును ఆమె ఇష్టమునకు విడిచిపెట్టవలెను. పండుగ సంతోషములను గూర్చి పురుషులు వ్రాసిన వ్యాసములలో ఆ సంతోషమును వండిపెట్టినవారి నడుమునొప్పి ప్రస్తావనకు రాదు. ఈ వ్యాసమున అది వచ్చినదని గుర్తింపగోరెదను.

ఈ కారణముచేతనే సద్దులనాటి పనిని పంచుమనుచున్నాను. పెరుగుసద్ది, చింతపండు పులిహోర, నువ్వులది, పల్లీలది, కొబ్బరిది, ఇట్లు ఐదువిధములు ఆచారము. ఐదింటిని ఒక్కతెయే చేసినచో అది సేవ యగును గాని సంబురము కాదు. చింతపండు నానవేసి పులుసు తీయుట ఏ మగవానికైనను చేతనగును, పల్లీలు వేయించి పొట్టు ఊదుట పిల్లలకు ఆట. అన్నమును ముందుగా వెడల్పుపాత్రలో ఆరబెట్టినయెడల మిగిలినదంతయు కలుపుటయే. సత్తుపిండిని మాత్రము పెద్దవారికి విడువుడు. మక్కలు ఎంతవరకు వేగవలెనో వాసనచేతనే గ్రహింపవలెను, ఒకక్షణము దాటినచో చేదెక్కును.

ఆటకెక్కడికి పోవలెను? హనుమకొండవారికి పద్మాక్షిగుట్ట యున్నది. ఆ గుట్ట జైనులదై, కాకతి ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ 1117లో అచ్చట బసది కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. దానికి కూతవేటు దూరముననే రుద్రదేవుడు 1163లో నిలిపిన వేయిస్తంభముల గుడి. తొమ్మిది శతాబ్దుల రాతిప్రక్కన ఒక సాయంకాలముమాత్రమే నిలుచు పూలప్రోవు నీటిపై తేలిపోవుటను ఒక్కసారియైనను చూడవలసినదే. భీవండి పద్మనగరులోని తెలుగువారును, హైదరాబాదు వారును తమతమ నీటిగట్టులకు పోవుదురు. కాని ప్రతిసంవత్సరము పెద్దబయలునకే పోవలెనని నియమము పెట్టుకొనవలదు. ధ్వనివర్ధకముల హోరులో ప్రక్కదాని చప్పట్లు నీకు వినబడనిచోట ఆట ఆట కాదు, ఊరేగింపు. అట్టిచోట అపార్టుమెంటు సెల్లారులోనే పదిమంది వలయముగా నిలిచి ఆడుకొనుట మేలు. పాట తెలియనివారు వంగి చప్పట్లు కొట్టుట చాలును, వలయము వారిని తానే నడిపించును. ఆటయైన పిదప సత్తుపిండిని చిన్న డబ్బాలలో పెట్టి, మన భాష రాని పొరుగువారికిని ఇండు.

సద్దులు గడచిన పిదప దశమినాడు దసరా. పాలపిట్టను చూడవలెననుట ఆచారము. కొందరు పట్టణములలో ఆ పక్షిని పట్టి, రెక్కలు కట్టి, పంజరమునబెట్టి ఇంటింటికి త్రిప్పి డబ్బు వసూలుచేయుదురు. అది చట్టమునకు విరుద్ధము, క్రూరమును. ఆ పంజరమువైపు చూడకుండుటయే ఆనాటి శుభము. ఊరిశివారున చేలు మొదలగుచోట విద్యుత్తీగలపై అది తనంత తాను కూర్చుండును. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా సామాన్యముగా నుండి, ఎగిరినప్పుడుమాత్రము రెక్కలలోని నీలము ఒక్కసారిగా విప్పుకొనును. బండిపై పోయి తొమ్మిదిగంటలలోపల తిరిగి రావచ్చును. కనబడలేదా, వచ్చు ఆదివారము చూడుడు. పక్షికి తిథితో పనిలేదు.

సాయంకాలము జమ్మి. చెట్టును విరిచి కొమ్మలుగా మోసికొనిపోవుట అవివేకము, గుప్పెడు ఆకు ఊరంతటికి చాలును. బంగారమని చెప్పి పెద్దల చేతిలోనుంచి కాళ్ళకు మ్రొక్కుట, సమవయస్కులను అలాయ్ బలాయ్ యని కౌగిలించుకొనుట మన పద్ధతి. ఇండ్ల వరుసను ముందుగానే నిర్ణయించుకొనుడు. మొదట వయోవృద్ధుల యిల్లు, వారు ఎనిమిదింటికే నిద్రపోవుదురు కనుక. రెండవది ఏడాదిగా మాటలులేని బంధువు ఇల్లు; తలుపు తీసినంతనే జమ్మి చేతబెట్టుడు, గతమును గూర్చి ఒక్కమాటయు ఎత్తవలదు, కూర్చుండుమనిననే కూర్చుండుడు. మిత్రుల యిండ్లు చివరికి ఉంచుడు, అచ్చట ఆలస్యము కాక తప్పదు.